పెద్దగురువు మెడలో కుడివైపు నరం

సీమూన్ ముప్పై ఏళ్లు ఒకే గదిలో పనిచేశాడు. థాయ్‌లాండ్ ఉత్తరాన, మా కొండల నడుమ పట్నంలోని వైద్య కళాశాలలో, మనిషి ఒంటిని కోసి పాఠం చెప్పే గది అది. అక్కడ బల్లల మీద పడుకున్నవాళ్లని ఎవరైనా శవాలు అన్నారంటే అతనికి ఒళ్లు మండిపోయేది. వాళ్లు పెద్దగురువులు. 'నేను పోయాక నన్ను కోసి నేర్చుకోండి' అని బతికుండగానే ఒప్పుకున్న మనుషుల్ని మా వైపు అలాగే పిలుస్తారు. బల్లకి తగిలించిన అట్ట మీద గురువు పేరు, ఊరు, వయసు రాసి ఉంటాయి. విద్యార్థులు మోకరిల్లి దణ్ణం పెట్టాకే కత్తి ముట్టుకోవాలి. దణ్ణం మొక్కుబడిగా పెట్టినవాణ్ణి సీమూన్ తలుపు దాకా వెనక్కి నడిపించి, మళ్లీ మొదటినుంచి పెట్టించేవాడు.

అతను ప్రొఫెసరూ కాదు, డాక్టరూ కాదు. చదివింది నాలుగో తరగతి. కాలేజీ తోటలో గడ్డి కోయడానికి చేరితే, లోపలి పనికి ఒక్కడూ ముందుకు రావడం లేదని ఇతన్ని లాక్కొచ్చారు. గురువుల్ని మందునీళ్లలో భద్రపరచడం, బల్ల మీదికి చేర్చడం, ఏడాది చివర పిల్లల చేత కుట్టించి తెల్లబట్ట చుట్టించి చితికి సాగనంపడం అతని పని. పొద్దున్నే పిల్లలు రాకముందు బల్ల బల్లకీ వెళ్లి ఆనాటి పాఠం విన్నవించేవాడు. "గురువుగారూ, ఇవాళ మెడ. పిల్లలు కొత్తవాళ్లు, చేతులు వణుకుతాయి. కాస్త ఓర్చుకోండి" అని చెప్పి గానీ దీపాలు వేసేవాడు కాదు.

అన్ని పాఠాల్లోకీ అతనికి మెడ పాఠం అంటేనే ప్రాణం, అందులోనూ మెడ అడుగు. ప్రొఫెసరు గారు బయటికి వెళ్లడం ఆలస్యం, బల్ల పక్కకి చేరి తన పాఠం మొదలుపెట్టేవాడు.

"పొట్టలో బోలెడంత చోటు నాయనా, ఎక్కడ చెయ్యి పెట్టినా దిగుతుంది. ఇక్కడ జానెడు కూడా లేదు. తలకి ఎక్కే నెత్తురు ఇటే, దిగే నెత్తురు ఇటే. తినేది ఇటే, పీల్చేది ఇటే. ఈ ముందర ఊపిరి గొట్టాన్ని కౌగిలించుకున్న సీతాకోకచిలుకని చూశారా? అదే థైరాయిడ్. దాని వీపు మీద నాలుగు బియ్యపు గింజలు అతుక్కుని ఉంటాయి. కొవ్వు అనుకుని చెత్తబుట్టలో వేశారో, చేతులు విరగ్గొడతా. అవీ గ్రంథులే, ఒంట్లో కాల్షియం చూసుకునేవి. ఇక దాని వెనక, ఇదిగో, ఈ తెల్ల దారం. మాట పలికించే నరం. దీని తిక్క చూడండి. తలలోంచి దిగుతుంది, గొంతు పక్కనుంచే పోతుంది, అయినా గొంతులోకి రాదు. తిన్నగా ఛాతీ దాకా పోయి, అక్కడ పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్లీ పైకెక్కి అప్పుడొస్తుంది గొంతులోకి. సారా కొట్టు దాకా వెళ్తే గానీ ఇల్లు గుర్తురాని మొగుడి బాపతు!"

పిల్లలు పగలబడి నవ్వేవారు. నవ్విన పాఠం మరిచిపోయిన వాళ్లు లేరు. ఇవాళ మా ఉత్తరాది ఆసుపత్రుల్లో మెడలు కోస్తున్న డాక్టర్లలో సగం మంది మనసులో ఆ సారా కొట్టు మొగుణ్ణి తలుచుకునే కోస్తారని నేను పందెం కాస్తాను.

సీమూన్ భార్య బువాచన్ సో పాటగత్తె. మా దగ్గర కొత్త ఇల్లు కట్టుకున్నా, గుడిలో ఉత్సవమైనా సో పాట ఉండాల్సిందే. ఆడమనిషి, మగమనిషి పందిట్లో ఎదురెదురుగా కూర్చుని, వెదురు సన్నాయిల మీద అప్పటికప్పుడు మాట కట్టి ఒకరినొకరు ఏడిపించుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాడతారు. బువాచన్ మాట కడితే ఎదుటివాడు నీళ్లు నమలాల్సిందే. అలాంటి మనిషి, మందునీళ్ల వాసన కొట్టే సీమూన్‌ని చేసుకుంటానంటే ఊరు ముక్కు మూసుకుంది. గృహప్రవేశాలకి ఆమెని పిలవడం మానేశారు. శవాలు మోసేవాడి పెళ్లాం కొత్తింట్లో పాడితే అరిష్టమట. ఆమె ఒకరిద్దరి మొహానే అడిగేసింది. "మా ఆయన పోయినవాళ్లకి కూడా రోజూ దణ్ణం పెడతాడు. మీరు బతికున్న మీ అత్తకి ఎప్పుడైనా పెట్టారా?"

రెండేళ్లకి ఊరే దిగొచ్చింది. ఆ గొంతు లేకుండా పండగ రక్తి కట్టడం లేదని వాళ్లకే తెలిసొచ్చింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు వాళ్ల ఇంటి కప్పు ఆ గొంతు మీదే నిలబడింది. సీమూన్‌కి ఆ సంగతి బాగా తెలుసు. కానీ గదిలో అన్ని దణ్ణాలు పెట్టే మనిషి, ఇంట్లో పెళ్లాంతో ఒక్క మంచిమాట అనలేడు. మగాళ్లకి ఇదో జబ్బు.

బువాచన్‌కి యాభై నాలుగో ఏట మెడ అడుగున గడ్డ లేచింది. మా కొండల్లో పాతకాలం ఆడవాళ్లకి అది మామూలే, కండువా చుట్టుకుని తిరిగేవాళ్లు. ఈమె కూడా ముందు కండువానే చుట్టింది. తర్వాత ముద్ద మింగుడు పడలేదు, పడుకుంటే ఊపిరాడలేదు. పెద్ద పాటలో ఊపిరి నడిమధ్య తెగిపోయింది. ఆసుపత్రిలో చూసి, సీతాకోకచిలుక రెండు రెక్కలూ తీసేయాలన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు సంగతి మాత్రం 'చూద్దాం' అన్నారు.

ఆ 'చూద్దాం' సీమూన్‌ని కాల్చేసింది. తెలియనివాడికి భయం ఒకటే. ఇతనికి భయం ఎక్కడెక్కడుందో ఇంచు ఇంచూ తెలుసు. అన్నం ముందు కూర్చుంటే పెళ్లాం మెడే కనిపించేది. చర్మం కింద ఆ నాళం, దాన్ని దాటే ఆ నరం.

"ఏమయ్యా, వెయ్యి మెడలు చూశావు గదా. నా మెడ చూసి నోరు పడిపోయిందేం?" అంది ఒకరోజు, జిగురన్నం ముద్ద పచ్చడిలో అద్దుతూ.

"ఏం లేదే."

"నా గొంతు ఉంటుందా, పోతుందా? అది చెప్పు."

"డాక్టర్లు చెబుతారులే."

"నేను డాక్టర్ని చేసుకోలేదు. నిన్ను చేసుకున్నా."

సీమూన్ లేచి, అప్పుడే మేత వేసిన కోళ్లకి మళ్లీ మేత వేయడానికి పెరట్లోకి పోయాడు.

మర్నాడు ఆసుపత్రి కాగితం వచ్చింది. కోసే డాక్టరు పేరు అతను రెండుసార్లు చదివాడు. ఫాయ్. ఇన్నేళ్లలో అతను ఒక్క విద్యార్థిని మాత్రమే గదంతా దద్దరిల్లేలా తిట్టాడు. ఆ పిల్లే ఈ ఫాయ్.

అది జరిగి పన్నెండేళ్లయింది. ఆ బల్ల మీది గురువు పేరు ఖమ్‌ఆయ్, వయసు డెబ్బై ఒకటి, కొండమీద మియాంగ్ అనే నమిలే తేయాకు కోసి బతికిన మనిషి. ఫాయ్ అప్పుడు రెండో ఏడు. చురుకైన పిల్ల, చేతులు మరీ చురుకు. అందరికన్నా ముందు మెడ శుభ్రం చేసి చూపించాలని తొందర. కుడివైపు సీతాకోకచిలుక పక్కన ఏదో తెల్లగా అడ్డం వస్తే కత్తెరతో టక్కున తీసేసింది. సీమూన్ వెళ్లి వంగి చూశాడు.

"ఇదేంటే?"

"పొర అనుకున్నా బాబాయ్. అడ్డంగా వచ్చింది. నరం కిందనుంచి కదా రావాలి, కింద వెతుకుతున్నా."

"అనుకున్నావా? గురువుగారి గొంతు నరం తెంపేసి అనుకున్నానంటావా? ఆయన ఒళ్లిచ్చింది నువ్వు అనుకోవడానికా? బతికున్న మనిషైతే ఈపాటికి గొంతు పోయేది! నువ్వు ఆయన్ని కోయడం కాదు, ఆయనే నీకు నేర్పుతున్నాడు, తెలుసా నీకు?"

కేకలకి ప్రొఫెసరు గారు పరుగెత్తుకొచ్చారు. చాలాసేపు చూసి క్లాసంతటినీ పిలిచారు. ఖమ్‌ఆయ్ ఒంట్లో కుడిచేతికి పోయే పెద్ద నాళం పుట్టుకతోనే దారి మార్చుకుంది. అన్నం గొట్టం వెనకనుంచి పోతోంది. చుట్టి రావడానికి ఆ నాళం అక్కడ లేదు కాబట్టి నరం ఛాతీలోకి దిగనే లేదు, పక్కనుంచి తిన్నగా అడ్డంగా గొంతులోకి వచ్చేసింది. వందల్లో ఒక్కరికి ఇలా ఉంటుందట. "పిల్ల తప్పేం లేదు సీమూన్" అన్నారాయన.

"మరి నరం తప్పంటారా?" అన్నాడు సీమూన్.

మర్నాడు ఫాయ్ చేత మల్లెదండ, కొవ్వొత్తి తెప్పించి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి గురువుగారికి క్షమాపణ చెప్పించాడు. మా దగ్గర పెద్దల పట్ల తప్పు చేస్తే అలాగే అడుగుతాం, అందులో వింతేం లేదు. వింత ఏడాది చివర జరిగింది. గురువుల్ని కుట్టేరోజున, చర్మం మూయక ముందు, ఆ తెగిన నరం రెండు కొసలూ కలిపి కుట్టమన్నాడు. "చచ్చిన నరం అతుక్కుంటుందా బాబాయ్?" అని పక్కపిల్ల కిసుక్కున నవ్వింది. ఫాయ్ నవ్వలేదు. జుట్టుకన్నా సన్నటి దారంతో ముప్పావుగంట కుట్టింది. సీమూన్ పక్కన దీపం పట్టుకుని నిలబడ్డాడు. ఏడుస్తూనే కుట్టింది గానీ ఒక్క కుట్టు వంకర పోలేదు.

ఇప్పుడు ఆ ఫాయ్ చేతిలోకి బువాచన్ మెడ. సీమూన్ రెండు రాత్రులు దొర్లి, మూడోరోజు ఆసుపత్రికి వెళ్లి ఆమె గది ముందు నిలబడ్డాడు. ఏం అడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు.

"రా బాబాయ్. వేరే డాక్టర్ని పెట్టమని అడగడానికే గదా వచ్చావ్?" అంది ఫాయ్.

సీమూన్ నేల చూశాడు.

"అడుగు, ఫరవాలేదు. మంచివాళ్లున్నారు. ఒక్కటే మాట. వాళ్లెవర్నీ నువ్వు తిట్టలేదు. నువ్వు తిట్టింది నన్నొక్కదాన్నే."

సీమూన్ తలెత్తాడు. ఎదురుగా ఉన్నది ఆ తొందర పిల్ల కాదు. టేబుల్ మీద ఆమె చేతులు కదలకుండా ఉన్నాయి. అతను ఆ చేతులకే చెప్పాడు.

"మా ఆవిడ పాడుతుందమ్మా. ఆ గొంతే మా ఇల్లు."

"తెలుసు బాబాయ్. మా అక్క గృహప్రవేశానికి ఆవిడే పాడింది. మా బావని ఏడిపించి వదిలిపెట్టింది."

ఆపరేషన్ రోజు వీధిలో పెద్దావిడ వచ్చి బువాచన్ మణికట్టుకి తెల్లదారం కట్టింది, ప్రాణం ఒంటిని వదిలి ఎటూ పోకుండా. తోపుడు మంచం మీద పడుకోబెట్టాక బువాచన్ మొగుణ్ణి దగ్గరికి పిలిచింది.

"గొంతు పోతే ఇంట్లో పోట్లాట ఎవరు పెడతారయ్యా? నీకా చేతకాదు."

సీమూన్ నవ్వబోయి, నవ్వలేక ఆమె కాళ్ల మీది దుప్పటి సరిచేశాడు. తలుపులు మూసుకున్నాయి.

బయట బెంచీ మీద కూర్చుని తనకు తెలిసిన ప్రార్థన చేశాడు. తన గదిలో బల్లల మీద పడుకున్న గురువుల పేర్లు, మొదటి ఏడు నుంచి వరసగా, గుర్తున్నంతవరకు పలికాడు. టీచరమ్మలు, రిక్షావాళ్లు, ఒక భిక్షువు, ఒక సైనికుడు. ఖమ్‌ఆయ్ పేరు దగ్గర ఆగిపోయి, ఇక ఆ ఒక్క పేరే అంటూ ఉండిపోయాడు. తెచ్చుకున్న అన్నం పొట్లం విప్పలేదు.

మధ్యాహ్నం దాటాక ఫాయ్ బయటికొచ్చింది. తల మీది టోపీ తీసి, అతని పక్కనే బెంచీ మీద కూలబడింది.

"బాబాయ్, కుడివైపు నరం కింద లేదు."

సీమూన్ ఆమె వైపు తిరిగాడు.

"ఎంత వెతికినా లేదు. పైన పక్కనుంచి సన్నగా ఒకటి అడ్డం వస్తోంది. చూస్తే చిన్న రక్తనాళంలాగే ఉంది. కట్టేసి కోసేయడమే, ఎవరైనా అదే చేస్తారు. పట్టకారు దగ్గరికి తీసుకెళ్లా. చెయ్యి కదల్లేదు బాబాయ్. ఖమ్‌ఆయ్ గురువుగారు పట్టుకున్నట్టే అయింది. మెల్లగా పొర ఒలిచి చూశా. నరమే. ఆయనది ఎలా వచ్చిందో అచ్చం అలాగే. దాన్ని తాకకుండా మిగతాదంతా తీశా. ఎడమది మామూలు దారినే ఉంది, అదీ భద్రం."

సీమూన్ లేచి, ఆ ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా, కూతురు వయసు పిల్ల ముందు రెండు చేతులూ జోడించాడు. ఫాయ్ కంగారుపడి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నాకు కాదు" అంది.

సాయంత్రానికి బువాచన్‌కి తెలివి వచ్చింది. "ఏమయ్యా" అంది. గొంతు గరగరమంది గానీ అది ఆమె గొంతే. మర్నాడు పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకుతున్నాయంది. సీమూన్ నర్సు దగ్గరికి పరుగెత్తాడు.

"నాలుగు గింజలూ అలిగాయమ్మా! కాల్షియం పెట్టండి!"

నర్సు తెల్లబోయి డాక్టరుకి ఫోన్ చేస్తే, "బాబాయ్ ఏమంటే అదే, ముందు రక్తం తీసి పంపించు" అందట ఫాయ్. సీతాకోకచిలుక వెనకనుంచి జాగ్రత్తగా ఒలిచి వదిలిన ఆ గ్రంథులు పది రోజులు అలిగి, మందులు వేస్తే దారికొచ్చాయి. గొంతుకి మూడు నెలలు పట్టింది. ముందు మాట, తర్వాత కూనిరాగం. ఒక పొద్దున పెరట్లో కోళ్లని తరుముతూ బువాచన్ పై స్థాయిలో ఒక్క కేక పెట్టింది. పక్కింటివాళ్లు గోడ మీదనుంచి తొంగిచూశారు. సీమూన్ వంటింట్లో గోడవైపు తిరిగి భోరున ఏడ్చాడు. ఆ రోజే ఆమె దగ్గరికెళ్లి చెప్పాడు, ఇన్నేళ్లూ ఆమె గొంతే తనకి అన్నం పెట్టిందని, దానికి తను ఋణపడి ఉన్నానని. "ఇది చెప్పడానికి నా మెడ కోయించాల్సి వచ్చిందా?" అంది బువాచన్. అని తనూ ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. "ఆ ఖమ్‌ఆయ్ వాళ్లవాళ్లు ఎక్కడుంటారు? నేను చూడాలి" అని పట్టుబట్టింది. అస్థికలు అందజేసిన చిరునామా సీమూన్ సంపాదించాడు. ఇద్దరూ కొండెక్కే బండి పట్టుకుని మియాంగ్ తోటల ఊరికి వెళ్లారు.

ఖమ్‌ఆయ్ కూతురు వందీ వాకిట్లో ఆకు ఉడకబెడుతోంది. యాభై దాటిన మనిషి. కళాశాల నుంచి అనగానే మొహం ముడుచుకుంది.

"మళ్లీ ఏం కావాలి? ఒళ్లంతా ఇచ్చేశాంగా."

బువాచన్ పొయ్యి పక్కన చతికిలబడి, అడక్కుండానే ఆకు కట్టలు కట్టడం మొదలుపెట్టింది. రెండు కట్టలయ్యాక వందీ మొదలుపెట్టింది.

"సంతకం రాదు మా నాన్నకి, వేలిముద్ర వేశాడు. అక్షరం రానివాణ్ణి, పోయాకైనా బడికెళ్తా అన్నాడు. ఊరంతా నన్ను దుమ్మెత్తిపోసింది. తగలేయడానికి దిక్కులేక తండ్రిని పట్నానికి పంపేసిందని. ఏడాది తర్వాత బూడిద వచ్చింది, అంతే. ఆకు కోసుకునే మనిషి దగ్గర డాక్టర్లు ఏం నేర్చుకుంటారు? పనికొచ్చాడో, పారేశారో. పన్నెండేళ్లు. ఒక్కరు చెప్పలేదు."

సీమూన్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాచుకోవచ్చు, దాచలేదు. నరం సంగతి, కత్తెర సంగతి, తన కేకలు, అన్నీ చెప్పాడు. "మా గదిలోనే తెగిందమ్మా, మీ నాన్న గొంతు నరం. తప్పు జరిగింది. ఆ పిల్ల మల్లెదండ పెట్టి క్షమించమంది. చివర్లో కుట్టింది."

వందీ గరిటె పొయ్యి పక్కన పెట్టింది. సీమూన్ తిట్లకి సిద్ధపడ్డాడు.

"డాక్టరమ్మ క్షమించమందా? మా నాన్నని?"

"మోకాళ్ల మీద కూర్చుని."

"బతికుండగా ఆయనకి ఒక్కడు కూడా తప్పయిందని చెప్పలేదయ్యా. తూకంలో కొట్టినవాడు కూడా" అంది వందీ. కళ్లు తుడుచుకుంది. "మరి ఆ నరం వల్ల ఏం ఒరిగింది?"

బువాచన్ కండువా విప్పింది. మెడ అడుగున కోత గీత ఇంకా ఎర్రగానే ఉంది. వందీ చెయ్యి అందుకుని, ఆకు పసరు అంటిన ఆ వేళ్లని గీతకి కుడిపక్కన పెట్టుకుంది.

"ఇక్కడమ్మా. నాదీ మీ నాన్న నరంలాగే పక్కదారినే వచ్చింది. డాక్టరమ్మ కోయబోయి ఆగింది, మీ నాన్న నేర్పాడు గనక. చెయ్యి తియ్యకు."

అని పాడింది. సన్నాయిలు లేవు, ఎదురు పాడే మగమనిషి లేడు. కొండమీద ఆకు కోసిన ఖమ్‌ఆయ్‌ని పేరుపెట్టి పిలిచి, వేలిముద్ర వేసి బడికి వెళ్లిన మనిషి అక్కడ ఎవరికి పాఠం చెప్పాడో, ఆ పాఠం ఎవరి ప్రాణానికి ప్రాణమైందో అప్పటికప్పుడు మాట కట్టి పాడింది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. దుమ్మెత్తిపోసినవాళ్లూ అందులో ఉన్నారు. వందీ వేళ్ల కింద ఆ గొంతు అదురుతూనే ఉంది.

పాట ఆగబోతే వందీ చెయ్యి తీయలేదు.

"ఇంకొంచెం పాడమ్మా" అంది. "వీళ్లు కూడా పూర్తిగా వినాలి."